ఎడమ గాట్లు

ఎడమచేత్తో చీరల పొట్లం అందించాడని ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం సేఠు మా ఆయన్ని పనిలోంచి తీసేశాడు. యూరప్‌లో యుద్ధం మొదలయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. పొట్లం అందుకోబోయినావిడ ఎవరో పెద్దింటి మనిషట. పెళ్లికి కొన్న చీరలు ఎడమచేత్తో ఇస్తాడా అని ముట్టుకోకుండా మెట్లు దిగిపోయిందట. సేఠు ఆవిడ వెనకాలే పరిగెత్తి, దండాలు పెట్టి, ఆ పొట్లం తనే కుడిచేత్తో ఇచ్చి వచ్చాడు. సాయంత్రం దుకాణం కట్టేటప్పుడు మా ఆయన్ని రేపటినుంచి రావద్దన్నాడు.

ఆయన పేరు రాజనర్సు. ఇప్పుడంటే చెబుతున్నాను గాని అప్పట్లో ఆ పేరు నా నోట వచ్చేది కాదు. అన్నం కుడిచేత్తోనే తినేవాడు, దండం రెండు చేతులతో పెట్టేవాడు, మిగిలిన పనులన్నీ ఎడమచేతివే. మా అత్త కిష్టవ్వ చిన్నప్పుడు ఆ వాటం మాన్పించాలని చెయ్యని ప్రయత్నం లేదు. పాత చీర పేలికతో ఎడమచేతిని నడుముకు కట్టేసి, కుడిచేత్తో గోలీలాడమని వాకిట్లో కూర్చోబెట్టేదట. కట్టు విప్పగానే గోలీ మళ్లీ ఎడమచేతిలోకి వచ్చేసేదట. చివరికి విసుగెత్తి ఆవిడే వదిలేసింది.

మాకు పెళ్లయి అప్పటికి ఏడాది. కట్టెలమండిలో ఒక గది కిరాయికి తీసుకుని ముగ్గురం ఉండేవాళ్లం. మధ్యలో అడ్డంగా కట్టిన చీర తెరకు అవతల అత్త, ఇవతల మేము. ఆ తెర చాటున ఎంత మెల్లగా మాట్లాడుకున్నా పొద్దున్నే అత్త మొహంలో మా మాటలన్నీ కనిపించేవి. నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు. పూలమ్మ అన్న పేరు మా అమ్మానాన్నలు ఊరికే పెట్టినట్టు, పోరీ అనేది.

పనికోసం మా ఆయన తిరగని చోటు లేదు. మొజంజాహీ మార్కెట్లో పళ్ల గంపలు మోస్తానన్నాడు. చాదర్‌ఘాట్‌లో బండి లాగుతానన్నాడు. అన్నిచోట్లా మనుషులు నిండుగానే ఉన్నారు. అలా తిరుగుతుండగా కామునిపున్నం వెళ్లిన వారానికి బిచ్చయ్య మేస్త్రి వచ్చాడన్న మాట మా చెవిన పడింది.

నాంపల్లి స్టేషన్లో గూడ్సు షెడ్డు వెనకాల పెద్ద కలప డిపో ఉండేది. మంచిర్యాల అవతలి అడవుల నుంచి టేకు మొద్దులు వ్యాగన్లలో అక్కడికి వచ్చేవి. ప్రతి ఏడూ ఎండలు ముదరకముందే బిచ్చయ్య మేస్త్రి వచ్చి అడవి పనికి మనుషుల్ని ఏరుకుపోయేవాడు. ఆ ఏటికి నరకమని సర్కారు గుర్తుపెట్టి ఇచ్చిన అడవి ముక్కను కూపు అనేవాళ్లు. కొత్తగా పోయినవాళ్లకు కొమ్మలు కొట్టే పని, బెరడు వొలిచే పని. చెట్టు నరికే గొడ్డలి మాత్రం చెయ్యి తిరిగినవాళ్లకే. మా ఆయన కొమ్మలు కొట్టే పని దొరికినా చాలనుకుని వెళ్లాడు.

అత్తా నేనూ ఎలాగూ ఆ డిపోకు పోయేవాళ్లమే. కట్టెలమండిలో ఉంటూ కట్టెలు కొనలేనివాళ్లం మేము. డిపోలో రాలే బెరడు, చెక్కపేళ్లు ఏరుకుని గంపకెత్తుకుంటే పొయ్యి వెలిగేది. అందుకే ఆ పొద్దు నేను కళ్లారా చూశాను. వచ్చినవాళ్లందరి చేతికీ గొడ్డలి ఇచ్చి, పడేసి ఉన్న మొద్దు మీద నాలుగు దెబ్బలు వెయ్యమంటున్నాడు బిచ్చయ్య. మా ఆయన గొడ్డలి ఎడమచేత్తో ఎత్తగానే చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. నేను తల దించుకున్నాను. బిచ్చయ్య మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి మొద్దు మీది గాట్లను వేళ్లతో తడిమి చూశాడు.

"నవ్వకున్రి. చెట్టుకు ఇద్దరు నిలవడ్తరు. ఇద్దరిదీ కుడిచెయ్యే అయితే ఒకడు వంకర తిరిగి కొట్టాలె. కుడిచేతోనికి ఎదురుంగ ఎడమచేతోడు నిలవడితే చెట్టు పొద్దెక్కకముందే పడ్తది. నేను ఎతుకుతున్నదే ఇసొంటోని కోసం."

అలా కొమ్మలు కొట్టడానికి పోయిన మనిషి చెట్టు నరికే గొడ్డలితో ఇంటికి వచ్చాడు. అత్త ససేమిరా అంది. అడవి నీళ్లు తాగి చలిజ్వరంతో వచ్చినవాళ్లను ఆవిడ చిన్నతనంలో చూసింది. నువ్వయినా చెప్పవేమే అని నా మీద పడింది. నేను చెప్పలేదు. వాకిట్లో కూర్చుని ఆ గొడ్డలి కామ కర్రను ఆయన నూనె గుడ్డతో తుడుస్తుంటే, పెళ్లయిన తర్వాత అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"నా ఎడమచెయ్యిని పిలిచి పనిచ్చినోడు గీయన ఒక్కడేనవ్వా," అన్నాడు తల్లితో.

కాజీపేట దిక్కు పోయే బండి ఎక్కేముందు నాతో ఒకే మాట చెప్పాడు. మొదటి వాన పడగానే వస్తానని. వాన పడితే అడవిలో ఎడ్లబండి కదలదు, కూపు కట్టేస్తారు, అందరూ తిరిగి వస్తారు. నేను తలూపాను. బండి వెళ్లిపోయాక అత్త నాకంటే ముందు నడిచి, ఇంటికొచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత మా గదిలో మాటలు లేవు. నువ్వు పొమ్మంటేనే పోయిండని అత్త ఒకసారి అంది, ఆ ఒక్కసారే అంది. తెర తీసేస్తే గది పెద్దదవుతుందని తెలిసినా ఇద్దరిలో ఎవరమూ తియ్యలేదు. ఆయన పడుకునే వైపు చాప మీద నేను బట్టలు మడిచి పెట్టేదాన్ని, ఖాళీగా కనిపించకుండా. పొద్దున లేచి అవే మళ్లీ తీసి మడిచేదాన్ని.

ఉగాది వెళ్లాక మొద్దులు రావడం మొదలైంది. గొడ్డలితో నరికిన మొద్దు మొదలు చదునుగా ఉండదు, ఏటవాలుగా గాట్లు పడి ఉంటుంది. డిపోలో రంపం కోతవాళ్లు ముందుగా ఆ గాట్లున్న మొనను కోసి పారేస్తారు. ఆ మొనలు, బెరడు మా ఆడవాళ్లవి, ఎవరు ముందొస్తే వాళ్లవి. ఆ పొద్దు ఒక మొద్దు పక్కన కూర్చుని బెరడు పీకుతూ, ఊరికే దాని మొదలు మీద చెయ్యి ఆనించాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మా వాకిట్లో ఆయన కట్టె చీల్చినప్పుడు నేను రోజూ చూసిన గాట్లే అవి. లోకంలో అందరి గాట్లూ ఒక పక్కకు వాలితే ఆయనవి ఇంకో పక్కకు వాలేవి. మొద్దుకు ఒక సగం మామూలు గాట్లు, రెండో సగం ఆయనవి. లోతుగా, నున్నగా, ఒకదాని మీద ఒకటి వరసగా పడ్డాయి. ఆ కూపు మొత్తానికి ఎడమచేతివాడు ఆయనొక్కడే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

అప్పటినుంచి వ్యాగన్లు వచ్చిన రోజు నాకు పండగ. బెరడులో అడవి చీమలు ఇంకా తిరుగుతూ ఉండేవి. ఆయన ఉన్నచోటి నుంచి వచ్చినవి కదా అని చేతి మీదికి ఎక్కినా దులుపుకునేదాన్ని కాదు. ఒక్కో మొద్దూ వెతికి ఆయన గాట్లున్న చోట చెయ్యి పెట్టేదాన్ని. ఇవాళ బాగా తిన్నట్టున్నాడు, దెబ్బ గట్టిగా పడింది అనుకునేదాన్ని. ఈ చెట్టు దగ్గర అలసిపోయాడు పాపం అనుకునేదాన్ని. ఆబిడ్స్‌లో సాయంత్రం దీపాలు పెట్టాక కొత్తగా పెళ్లయినవాళ్లు జంటలుగా తిరిగేవారు, మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం తినేవారు. వాళ్లను చూసి కుళ్లుకున్న మాట నిజం. నా మొగుడు నాకు మొద్దు మీద దొరికాడు, అంతే మరి.

ఆయన గాట్లున్న మొన ఒకటి ఇంటికి తెచ్చి, మంచం కింద మూటల వెనక దాచుకున్నాను. అత్తకు చెప్పలేదు. చెబితే పంచుకోవాలి కదా. అంత పిసినారితనం ఉండేది నాకు ఆ విషయంలో.

రోహిణి కార్తె వచ్చింది. ఎండకు స్టేషను రేకులు చిటపటమనేవి. ఆ వారం వచ్చిన వ్యాగన్లో ఎంత వెతికినా ఎడమ గాటు కనిపించలేదు. పని మార్చి ఉంటారులే అనుకున్నాను. తర్వాతి వ్యాగన్లోనూ లేదు. ఆయన గాట్లు ఉండవలసిన సగంలో వేరేవి ఉన్నాయి. అవి కూడా అందరి గాట్ల వైపే వాలాయి గాని, ఎంత పీకులాటగా ఉన్నాయో చెప్పలేను. ఒకచోట పడాల్సిన దెబ్బ నాలుగుచోట్ల పడి, నార లేచి, మొద్దు మొదలంతా చీకి పారేసినట్టుంది. రంపం కోతవాళ్లు తిట్టుకుంటూ మొన ఎక్కువ కొయ్యాల్సి వచ్చేది. ఎవడో కొత్తోడు, చెట్టును నరికిండా కొరికిండా అని ఒకడు నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు.

డిపో గుమాస్తా శ్యామ్‌సుందర్ గారు మంచి మనిషి. పాతబస్తీ వాళ్లు, ఆడవాళ్లతో తలెత్తి మాట్లాడేవారు కాదు. ధైర్యం చేసి వెళ్లి అడిగాను, మావాళ్లు ఎట్లున్నారో ఏమైనా తెలిసిందా అని.

"అడివి నుంచి మాకు వచ్చేది కట్టె ఒక్కటేనమ్మా. మనుషుల ఖబర్ బిచ్చయ్య వస్తేనే. జర ఓపిక పట్టు, ఫికర్ చెయ్యకు," అన్నారు.

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటారో ఆయన చెప్పలేదు. నేను ఇంటికొచ్చి మామూలుగానే జొన్నపిండి కలిపాను, మామూలుగానే నీళ్లు మోశాను. అత్త ఆ రోజుల్లో సరిగ్గా తినేది కాదు. ఎండ దెబ్బేమో అనుకున్నాను. నా మొహం చూసి ఆవిడ కనిపెడుతుందేమోనని నేను తల వంచుకుని తిరిగేదాన్ని. ఆవిడా నా మొహం వైపు చూసేది కాదు.

ఒక రోజు డిపోలో కోత ఆగిపోయింది. కోతవాళ్ల ఇళ్లలో ఏదో పెళ్లి. పేళ్లు లేవు, బెరడు లేదు. ఇంట్లో ఉన్నవి అయిపోయి పొయ్యిలో నిప్పు ఆరిపోతోంది. పిండి కలిపి ఉంది, పెనం చల్లారిపోతోంది. అత్త పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నేను కాసేపు అటూ ఇటూ చూసి, మంచం కిందికి వంగి మూటల వెనక నుంచి ఆ మొన తీశాను. పొయ్యి దగ్గరకు తెచ్చి లోపలికి పెట్టబోతుంటే అత్త నా మణికట్టు పట్టుకుంది.

"గది వద్దు పిల్లా," అంది.

పొయ్యిలో బూడిద జారింది.

"ఆఖరుసారి ఎడమ గాటు ఎప్పుడు చూసినవు?"

రోహిణి రాకముందు వచ్చిన వ్యాగన్లో అని చెప్పాను.

"నేను గూడ గప్పుడే," అంది అత్త. "గా చెయ్యి నాకు తెల్వదా? కట్టేసినదాన్ని నేనే గద," అంది.

మొదటి వ్యాగన్ వచ్చిన రోజే ఆవిడ గుర్తుపట్టిందట. డిపోకు అటు చివర ఆవిడ, ఇటు చివర నేను, ఒకరికొకరు తెలియకుండా అవే మొద్దులు తడుముకుంటూ తిరిగాం. గాట్లు ఆగిపోయిన సంగతి నాకు తెలియకూడదని ఆవిడ, ఆవిడకు తెలియకూడదని నేను, ఆ పక్షం రోజులూ నాటకమాడాం. ఆ పూట చినిగిన పాత గంపను విరిచి పొయ్యిలో పెట్టి రొట్టెలు కాల్చాను. ఒకే కంచంలో తిన్నాం. తర్వాత అత్త లేచి మధ్యలో కట్టిన తెర విప్పేసింది.

మర్నాటినుంచి కలిసే వెళ్లాం. వచ్చిన ప్రతి మొద్దూ చూశాం. పీకులాట గాట్లే వస్తున్నాయి. ఒక మొద్దు మరీ ఘోరంగా ఉంది. దాని ముందు అత్త చాలాసేపు నిలబడింది. ఆవిడ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు, అప్పుడు కూడా ఏడవలేదు. మొద్దును అరచేత్తో కొట్టింది.

"నా కొడుకు తావుల నిలవడ్డ చెయ్యి గిది. గీ చెయ్యి పడిపోను," అంది.

ఆ మాట ఆవిడ నోట వచ్చింది గాని నా కడుపులో ఉన్నదీ అదే. ఆయన ఉండాల్సిన చోట ఎవడో ఉన్నాడు, చెట్టుకు ఎదురుగా నిలబడి గాలి పీలుస్తున్నాడు. వాడి మీద నాకు అంత కోపం ఉండేది. ఆ రోజు నుంచి ఆ మొనలే ఏరి తెచ్చి పొయ్యిలో పెట్టాం. అవి కాలుతుంటే చూసి కాస్త శాంతించేవాళ్లం.

మృగశిర వచ్చాక ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలి లేచి, ఆబిడ్స్ వైపు నుంచి దుమ్ము ఎగిరి, వాన కొట్టింది. జనం అరుగుల మీద చేరి హాయిగా చూస్తున్నారు. నేను అరుగెక్కలేదు, వానలోనే నిలబడ్డాను. ఇక ఆయన వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఊహించుకోవడానికి ఇంకేం మిగలలేదు.

కాజీపేట బండి వచ్చే వేళకు రోజూ నాంపల్లి స్టేషనుకు వెళ్లి కంచె పక్కన నిలబడేవాళ్లం. కూపు మనుషులు విడతలు విడతలుగా దిగుతున్నారు. నల్లగా మాడిపోయి, గడ్డాలు పెరిగి, అందరూ ఒకేలా ఉన్నారు. అడిగితే మేము వేరే జట్టమ్మా అనేవారు. అత్త నా చెయ్యి పట్టుకునే ఉండేది. ఒక మధ్యాహ్నం బండి ఖాళీ అయి, జనం పలచబడి, మేము వెనక్కి తిరగబోతుంటే చివరి డబ్బా దగ్గర ఒక మనిషి నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. కుడి భుజాన గొడ్డలి ఉంది. ఎడమచెయ్యి తుండుగుడ్డలో చుట్టి పొట్టకు ఆనించుకుని ఉన్నాడు.

ఆయనే నడిచి వచ్చాడు.

"ఏంది గట్ల చూస్తున్రు? నేనే," అన్నాడు.

స్టేషను బయట చెట్టు కింద కూర్చుని అంతా చెప్పాడు. రోహిణి ముందు ఒక పొద్దున ఎదుటివాడి గొడ్డలి కణుపుకు తగిలి జారి, ఈయన ఎడమచేతి బొటనవేలినీ పక్క వేలినీ తీసుకుపోయింది. మంచిర్యాల దవాఖానలో కట్టు కట్టారు. బిచ్చయ్య ఇంటికి పొమ్మన్నాడు. ఈయన పోలేదు. మధ్యలో పోయినవాణ్ని మళ్లీ ఏడు పిలవరు, రెండు వేళ్లు లేనివాణ్ని ఆబిడ్స్‌లో ఎవరు పనికి పెట్టుకుంటారు? గాయం మానకముందే ఆ చెట్టు దగ్గరికే తిరిగి వెళ్లి నిలబడ్డాడు.

"ఎడమచెయ్యి ఊకె ముందుకొచ్చేది. అందుకే దాన్ని నడుముకు కట్టేసుకున్ననవ్వా, చిన్నప్పుడు నువ్వు కట్టినట్టే. కుడిచేత్తోనే నరికిన. మొదట్ల అందరు నవ్విన్రు. చెట్టును నరుకుతున్నవా కొరుకుతున్నవా అన్నరు. ఇప్పుడు మంచిగనే వస్తది," అని నవ్వాడు.

నేను అత్త వైపు చూశాను. అత్త ఆయన మోకాలి మీద ఉన్న కుడిచేతిని చూస్తోంది. అరచేతి నిండా పొక్కులు పగిలి కాయలు కాసి ఉన్నాయి.

ఇంటికి రాగానే ఆవిడ పొయ్యి పక్కన గంప ముందు కూర్చుంది. అందులో మిగిలిన పీకులాట మొనల్ని ఒక్కొక్కటే తీసి, మంచం కింద నా మొన పక్కన పేర్చింది. ఎందుకని ఆయన అడగలేదు, వానకు తడవకుండా పెడుతోందనుకున్నాడేమో. తర్వాత గుప్పిట్లోకి ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని వచ్చి, ఆయన్ని గడపకేసి తిప్పి కూర్చోబెట్టి, కుడిచెయ్యి ముందుకు పట్టమంది. ఆ చేతి చుట్టూ దిష్టి తీయడం మొదలుపెట్టింది.

ఆయన నవ్వాడు.

"దెబ్బ తగిలింది గీ చెయ్యికి గదనే అవ్వా."

"దానికి తగిలేది తగిలింది కొడుకా. దీనికి తియ్యనీ."

తిప్పుతూ తిప్పుతూ ఆవిడ పెదవులు కదుపుతోంది. ఎవరి కళ్లు, ఎవరి నోరు అని మామూలుగా గట్టిగా అనే మాటలే, ఆ రోజు బయటికి వినిపించలేదు. ఆవిడ ఎవరి నోటి మాటను తీసేస్తోందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఆవిడ బతికున్నంత కాలం నేను ఆయనకు చెప్పలేదు. ఆవిడ పోయాకా చెప్పలేదు. పోరీ అని మాత్రం నన్ను ఆవిడ మళ్లీ ఎన్నడూ పిలవలేదు.

మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందని మావాళ్ల నమ్మకం. అత్త గుప్పిట్లోవి తెచ్చి నా చేతిలో పోసి, నువ్వే వెయ్యి బిడ్డా అంది. వేశాను. ఉప్పు చిటపటలాడింది, మిరపకాయలు నల్లబడి ముడుచుకున్నాయి. గది చిన్నది, తలుపు వేసి ఉంది, బయట వాన పడుతోంది. ముగ్గురం పొయ్యి ముందు అలాగే కూర్చున్నాం. ఎవరికీ దగ్గు రాలేదు.